డబ్బాలో నాణెం, చీటీ మీద అంకె: చాలా ఏళ్ల వాడకం తర్వాత

నేను విజయనగరంలో ఉంటాను, బ్రిటిష్ కాలపు వెండి రూపాయలు సేకరిస్తాను. బాగున్నవాటిని చాలా ఏళ్లుగా ఏజెంటు ద్వారా గ్రేడింగ్‌కి పంపుతున్నాను. అంటే నాణెం అసలుదా, ఎంత బాగుంది అని కంపెనీ వాళ్లు చూసి, 1 నుంచి 70 లోపు అంకె వేసిన చీటీతో ప్లాస్టిక్ డబ్బాలో మూసి పంపుతారు. కొత్తవాళ్లు ముందుగా అడిగేది, వాళ్లిచ్చే అంకెను నమ్మొచ్చా అని. నాణెం అసలుదా, ఎవరైనా తోమారా అన్నంతవరకు నమ్మొచ్చు. 62కీ 63కీ తేడా ఎంత అంటే, ఆ మాట నేను నమ్మను.

తోమడం మన వైపు పెద్ద సమస్య. పూజలో పెట్టే విక్టోరియా రూపాయల్ని చింతపండుతో తోమి మెరిపిస్తారు. చూడ్డానికి కొత్తగా ఉంటాయి గానీ, లెన్స్ పెడితే సన్నని గీతలు బయటపడతాయి. అచ్చులోంచి వచ్చినప్పటి మెరుపు ఒకసారి పోతే మళ్లీ రాదు. అలాంటివాటికి అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని, పక్కన ‘క్లీన్డ్’ అని రాసి పంపుతారు. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించి తీసేసినవాటికీ అంతే. నేను పంపినవాటిలో ఇలాంటి లోపం వాళ్ల కంటపడకుండా పోయినట్టు నాకు గుర్తు లేదు.

పేచీ అంతా అంకె దగ్గరే. నాణేల నిపుణుడు విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత సెంటు నాణేల కోసం పెట్టిన 1 నుంచి 70 లెక్కే ఇప్పుడు మన రూపాయలకూ వాడుతున్నారు. 60, ఆపైన అంటే వాడకంలో అరగనిది. 58 అంటే ఎత్తుగా ఉన్నచోట కాస్త అరిగింది. కానీ అది అరుగుదలా, అచ్చు సరిగా పడకపోవడమా అని తేల్చడం చాలా కష్టం. నా జార్జ్ V రూపాయికి ఒక కంపెనీ 62 ఇచ్చింది. డబ్బా తీయించి అదే కంపెనీకి మళ్లీ పంపితే 58 వచ్చింది. నాణెంలో ఏ మార్పూ లేదు. చూసిన కళ్లే వేరు. ఒకరికి మించి గ్రేడర్లు చూస్తారన్నది నిజమే, అయినా చివరికి అది మనుషుల అభిప్రాయం. అలాంటిది 2010లో పెద్ద కంపెనీలు అంకె పక్కన, అదే అంకెలో ఇది కాస్త మెరుగు అని చెప్పే ప్లస్ గుర్తు కూడా మొదలుపెట్టాయి. ఒక్క అంకె దగ్గరే మాట నిలవనప్పుడు అందులో సగానికి డబ్బు ఎందుకు పెట్టాలి? 62కీ 64కీ మధ్య ధర ఎంత ఎగురుతుందో కొనేవాళ్లకు తెలుసు. అందుకే నాకు బాధ.

ఇప్పుడు డబ్బాలో ఉన్నది కొన్నా, రాజు చెంప, కిరీటం, అంగీ మీది ఏనుగు దగ్గరగా తీసిన ఫొటోలు అడుగుతాను. (1911లో ఆ ఏనుగు పందిలా ఉందని గొడవైతే 1912 నుంచి బొమ్మ మార్చారు.) డబ్బాలకూ నకిలీలున్నాయి కాబట్టి చీటీ మీది నంబరును కంపెనీ సైట్‌లో సరిచూస్తాను. 1917, 1918 లాంటి మామూలు రూపాయల్ని పంపడం మానేశాను, ఫీజు, కొరియర్ ఖర్చు కూడా రావు. 1939 రూపాయి లాంటిది దొరికితే మాత్రం తప్పకుండా పంపుతాను. దానికి నకిలీలు ఎక్కువ, అక్కడ కావాల్సింది అసలుదన్న మాట ఒక్కటే.