పెద్ద డంజన్‌కు ఏది మేలు: పాచికలా, కంప్యూటరా, అట్టముక్కలా?

డంజన్ అంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో ఆటగాళ్లు దిగి వెతికే భూగర్భ కట్టడం. ఐదారు గదులదైతే ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని దాని మ్యాప్ గీసేస్తారు. వంద గదులు దాటి, మూడు అంతస్తులు లోపలికి దిగే డంజన్ కావాలన్నప్పుడే చేయి ఆగిపోతుంది. ఇరవయ్యో గది దగ్గరికి వచ్చేసరికి గీసిందే మళ్లీ గీస్తుంటాం. అందుకే యాదృచ్ఛిక పద్ధతులు పుట్టాయి. హనుమకొండ, కాజీపేటల్లో ఆదివారాలు కూర్చుని ఆడే గ్రూపుల్లో కొత్తగా డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్లు) అయినవాళ్లకు మొదట వచ్చే సందేహం కూడా ఇదే. పట్టికలు ముందు పెట్టుకుని పాచికలు వేయాలా, వెబ్‌సైట్‌లో బటన్ నొక్కి మ్యాప్ తీసుకోవాలా, ముందే గీసిన ముక్కలను పేర్చుకోవాలా?

నా మట్టుకు నేను మ్యాప్‌కు ముక్కలనీ, గదిలో ఏముందో తేల్చడానికి పాచికలనీ నమ్ముతాను. కంప్యూటర్‌ది మూడో స్థానం. అయితే మూడింటికీ వాటి వాటి బలాలున్నాయి.

పాచికల పద్ధతి పాతది. 1979లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మొదటి అనుబంధమే యాదృచ్ఛిక డంజన్ల మీద. అంతకుముందు 1975లోనే, ఒంటరిగా ఆడుకునేవాళ్ల కోసం ఇలాంటి పట్టికలు వచ్చాయి. నడవలో ముందుకు వెళ్తూ ఇరవై ముఖాల పాచిక వేస్తారు. 1 లేదా 2 పడితే దారి నేరుగా ఇంకో 60 అడుగులు సాగుతుంది. 3 నుంచి 5 వరకు తలుపు, 6 నుంచి 10 వరకు పక్కదారి, 11 నుంచి 13 వరకు మలుపు, 14 నుంచి 16 వరకు గది. 17 పడితే మెట్లు, 18 పడితే దారి మూసుకుపోతుంది, 19 అయితే ఉచ్చు లేదా మాయ. 20 పడిందా, తిరుగుతున్న రాక్షసి ఎదురొస్తుంది.

ఈ పట్టికలో ఉన్న మజా మరో పద్ధతిలో లేదు. డీఎంకు కూడా ముందేముందో తెలియదు. ఒక్కరే కూర్చుని ఆడుకోవాలంటే ఇప్పటికీ ఇదే మేలు. కానీ లెక్క చూడండి. నేరుగా గది తగిలే అవకాశం 15 శాతం, పక్కదారి వచ్చే అవకాశం 25 శాతం. ప్రతి పక్కదారికీ మళ్లీ పాచిక వేయాలి, దాంట్లోంచి మళ్లీ పక్కదార్లు పుడతాయి. పైగా ఒక పాచికకు ముందరి పాచిక ఏం చెప్పిందో తెలియదు. కాగితం అంచు దగ్గర ఉన్నామని గానీ, ఎదురుగా ఇప్పటికే ఒక గది గీసి ఉందని గానీ దానికి పట్టదు. చిన్న డంజన్‌లో ఇది సర్దుకుపోతుంది. వంద గదుల్లో మాత్రం ప్రతి పది నిమిషాలకూ ఆగి, ఈ నడవను ఎటు తిప్పాలా అని మనమే తేల్చాలి. అలసిపోయాక ఆ తేల్చడం కూడా మొక్కుబడిగా సాగుతుంది.

కంప్యూటర్‌కు ఆ బాధ లేదు. 1980 నాటి రోగ్ అనే గేమ్ తెరను అడ్డం మూడు, నిలువు మూడు చొప్పున తొమ్మిది భాగాలు చేసి, ఒక్కో భాగంలో గది పెట్టి, వాటిని నడవలతో కలిపేది. తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన ఒక పద్ధతిలో పెద్ద దీర్ఘచతురస్రాన్ని రెండుగా చీలుస్తారు, ఆ రెంటినీ మళ్లీ రెండేసిగా చీలుస్తారు. చాలినంత చిన్నవి అయ్యాక ఒక్కోదాంట్లో గది పెట్టి, పక్కపక్క భాగాలను జంటలుగా కలుపుకుంటూ వెనక్కి వస్తారు. గదులు ఒకదాని మీద ఒకటి పడవు, కాగితం దాటవు, సెకన్లలో అయిపోతుంది. సీడ్ నంబర్ ఇచ్చే సైట్ అయితే ఇంకా సుఖం. అదే నంబర్, అవే సెట్టింగులు పెడితే ఎవరి ఫోన్‌లోనైనా అదే మ్యాప్ వస్తుంది. వాట్సాప్‌లో ఒక్క నంబర్ పంపితే చాలు.

చిక్కు ఎక్కడంటే, అలా జంటలుగా కలపడంలోనే. 60 గదులను అన్నీ అందుబాటులో ఉండేలా కలపడానికి 59 నడవలు సరిపోతాయి. అక్కడితో ఆగితే ఏ గది నుంచి ఏ గదికైనా ఒకే ఒక్క దారి ఉంటుంది. ఎడమకు వెళ్లాలా కుడికి వెళ్లాలా అని ఆటగాళ్లు వాదించుకుంటారు గానీ, ఏది ఎంచుకున్నా చివరి దాకా పోయి వెనక్కి రావడమే. శత్రువు వెనక నుంచి చుట్టి రాలేడు, వీళ్లూ కాపలావాళ్లను తప్పించుకోలేరు. మంచి సైట్లు అదనపు నడవలు కలిపే సెట్టింగ్ ఇస్తాయి, దాన్ని తప్పకుండా వాడండి. అది లేకపోతే ప్రింట్ తీసి, దూరంగా ఉన్న గదుల మధ్య ఎనిమిదో పదో నడవలు పెన్నుతో గీయండి.

ఇలా ఒకే చోటికి వేరే వైపు నుంచి తిరిగి చేర్చే చుట్టుదారి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పెద్ద డంజన్ ప్రాణమంతా అందులోనే. మా టేబుల్ దగ్గర మ్యాప్ గీసే బాధ్యత తీసుకున్న కుర్రాడు ఒకసారి పెన్సిల్ ఆపి, తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, మనం మల్లా ఆ విరిగిన స్తంభం అర్రలకే వచ్చినం. గీ తొవ్వ ఎన్కనుంచి వచ్చింది!” అన్నాడు. ఆ క్షణం నుంచి వాళ్లకు ఆ చోటు తెలిసిన ఊరైపోయింది. ఎక్కడ దాక్కోవాలో, ఎటు నుంచి మళ్లాలో వాళ్లే ప్లాన్ వేయడం మొదలుపెట్టారు. అలాంటి ఆట ఒకే దారి ఉన్న మ్యాప్ మీద నడవదు.

ముక్కల పద్ధతి నాకు నచ్చేది ఇందుకే. 1976లోనే ఇలాంటి ముక్కల సెట్లు అమ్మకానికి వచ్చాయి గానీ, కొనాల్సిన పని లేదు. మన స్టేషనరీ షాపుల్లో దొరికే ఏ4 గ్రాఫ్ కాగితం, దళసరి చార్టు ఉంటే చాలు. ఒక్కో ముక్క పది గడులు అడ్డం, పది గడులు నిలువు. గడికి అర సెంటీమీటరు పెట్టుకుంటే ముక్క 5 సెంటీమీటర్ల చదరం అవుతుంది. ప్రతి అంచు మీదా మూడో గడి దగ్గర ఒకటి, ఎనిమిదో గడి దగ్గర ఒకటి దారి తెరిచి ఉంచాలి. ఎడమ నుంచి మూడోది కుడి నుంచి ఎనిమిదోది కాబట్టి ముక్కను ఎలా తిప్పినా పక్కదాంతో అతుకుతుంది. లోపల నాలుగైదు గదులు మీ ఇష్టం. పన్నెండో పదిహేనో గీసి, జిరాక్స్ సెంటర్‌లో రెండు కాపీలు తీయించి చార్టు మీద అంటించండి. తర్వాత కలిపి, తొమ్మిది తీసి, మూడు వరసల్లో మూడేసి పేర్చండి. ఏ ముక్క ఎటు తిరగాలో నాలుగు ముఖాల పాచిక చెబుతుంది. ముక్కల స్థానాలు మార్చకుండా తిప్పడంలోనే 2,62,144 అమరికలున్నాయి.

ఇప్పుడు అతుకులు లెక్కపెట్టండి. తొమ్మిది ముక్కల మధ్య 12 అంచులు కలుస్తాయి, అంచుకు రెండు చొప్పున 24 అతుకులు. తొమ్మిదింటినీ కలపడానికి నిజానికి ఎనిమిది చాలు. ముక్క లోపలి దారులన్నీ ఒకదాంతో ఒకటి కలిసి ఉంటే, మిగిలిన పదహారూ చుట్టుదారులే. ఇన్ని అక్కర్లేదు అనిపిస్తే ప్రతి అతుకుకూ ఆరు ముఖాల పాచిక వేయండి. 1 పడితే కూలిపోయింది, 2 పడితే రహస్య ద్వారం. సగటున నాలుగు కూలిపోతాయి, నాలుగు దాగుంటాయి. కంప్యూటర్ మ్యాప్‌లో మనం కష్టపడి కలపాల్సినవి ఇక్కడ ఊరికే వస్తాయి, మన పని తీసేయడమే.

మెట్ల విషయంలో ఏ పద్ధతినీ నమ్మవద్దు. భూపాలపల్లి నుంచి వచ్చే ఒక మిత్రుడి ఇంట్లో అందరూ సింగరేణివాళ్లే. అంతస్తుకు ఒకే మెట్ల దారి ఉన్న మ్యాప్ చూసి అతను, “బాయిల దిగే తొవ్వ ఒక్కటే ఉంటే గాలెట్ల ఆడుతది?” అన్నాడు. నిజమే. భూగర్భ గనిలో గాలి లోపలికి వెళ్లే దారి వేరు, బయటికొచ్చే దారి వేరు. మనుషులు బయటపడటానికి కనీసం రెండు మార్గాలు ఉండాలని నిబంధన కూడా ఉంది. డంజన్ తవ్వినవాళ్లూ ఊపిరి పీల్చేవాళ్లే కదా. అంతస్తుకు రెండు మెట్లు, ఎదురెదురు మూలల్లో పెట్టండి.

గదుల్లో ఏముందో తేల్చడానికి 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లోని చిన్న పట్టికను మించింది నేను చూడలేదు. ఆరు ముఖాల పాచిక వేస్తే 1, 2కు రాక్షసి, 3కు ఉచ్చు, 4కు ఏదైనా విశేషం, 5, 6కు ఖాళీ. మళ్లీ పాచిక వేసి నిధి చూడాలి. రాక్షసి గదిలో 1 నుంచి 3 పడితే, ఉచ్చు గదిలో 1 లేదా 2 పడితే, ఖాళీ గదిలో 1 పడితే నిధి ఉన్నట్టు. వంద గదుల్లో సుమారు 33 ఖాళీగా ఉంటాయి, 28 గదుల్లో నిధి దొరుకుతుంది. ఖాళీలు ఎక్కువని భయపడకండి. తలుపు తీసిన ప్రతిసారీ యుద్ధమే అయితే ఆటగాళ్లు మూడో గంటకే నీరసపడతారు.

కానీ పాచిక రాక్షసి అని మాత్రమే చెబుతుంది. ఎవరు, ఎందుకక్కడ ఉన్నారు అన్నది చేత్తో రాసుకోవాలి. దీనికి ఓరుగల్లు కోట ఒక్క చుట్టు తిరిగి వస్తే చాలు. బయట మట్టికోట, కందకం, లోపల రాతికోట. ద్వారాల్లో దారి తిన్నగా పోకుండా వంకర తిరుగుతుంది. నడుమ స్వయంభూ ఆలయ శిథిలాలు, చుట్టూ నాలుగు తోరణాలు, కొద్ది దూరంలో తర్వాతి పాలకుల కాలపు ఖుష్ మహల్. గోడల మధ్య ఇప్పుడు ఇళ్లు, పొలాలు. కట్టినవాళ్లొకరు, 1323లో కాకతీయులు ఓడాక ఏలినవాళ్లొకరు, ఈనాడు ఉంటున్నవాళ్లొకరు. డంజన్‌కూ ఈ మూడు పొరలూ ముందే ఒక్కో వాక్యంలో రాసుకుని, పాచిక వేసిన ప్రతిసారీ వచ్చింది ఏ పొరకు చెందుతుందో నిర్ణయించండి. కట్టినవాళ్ల పొర అయితే ఉచ్చు ఇంకా పనిచేస్తుందా, తుప్పు పట్టిందా? ఇప్పుడుంటున్నవాళ్లకు దాని సంగతి తెలుసా? ఈ ప్రశ్నలకు కాస్త సమయం పెట్టండి, మ్యాప్ మీద మిగిలిన సమయం ఇక్కడ ఖర్చు చేయడమే న్యాయం.

మూడు అంతస్తులకూ ముక్కలు ఒకేసారి పేర్చకండి. రెండు అంతస్తులు సిద్ధం చేసి, మెట్లున్న గడులను మాత్రం మూడో కాగితం మీద గుర్తు పెట్టి ఉంచండి. కాగితాలు రెండూ కలిపి వెలుతురుకు పట్టుకుంటే గుర్తులు సరిగ్గా పడతాయి. ఆటగాళ్లు ఏ మెట్లు దిగుతారో, పైన ఎవరితో పగ పెట్టుకున్నారో తెలిశాక మిగతాది పేర్చుకోవచ్చు.