రెండు లీటర్ల చేతిపంపు, గానుగ వేపనూనె: కోత మీదున్న బెండకు ఎర్రనల్లి పట్టినప్పుడు

మొక్కలకు మందు చిమ్మే ఈ పంపు కొన్నది ఏప్రిల్ రెండో వారంలో. ఇప్పుడు జూన్ మొదలు. ఈలోపు దీన్ని ఇరవైసార్లకు తక్కువ కాకుండా నింపి ఉంటాను. కొత్తలో అన్ని పంపులూ బాగానే చిమ్ముతాయి కాబట్టి ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

మాది నల్లగొండ టౌన్. మిద్దె మీద పద్నాలుగు సంచుల్లో బెండ, ఆరు కుండీల్లో వంకాయ, పిట్టగోడ పక్కన నాలుగు మిరప మొక్కలు ఉన్నాయి. ఫిబ్రవరి మొదటి వారంలో గింజ వేస్తే మార్చి ఆఖరుకు బెండకాయ అందింది. అప్పటినుంచి రోజు విడిచి రోజు తెంపుడే. ఇంకో రెండు రోజులు ఆగామా, కాయ ముదిరి పీచు పడుతుంది. మందు సంగతి ఎప్పుడు ఆలోచించినా ముందు ఈ కోతే అడ్డమొచ్చింది. ఆ తర్వాత మా మనవడు. మూడేళ్లవాడు. లేత బెండ కనిపిస్తే తెంపి, కడగకుండా అక్కడే కొరికేస్తాడు. వాడి చేయి అందే ఎత్తులో విషం కొట్టడానికి నాకు ధైర్యం చాలదు.

ఉగాది దాటాక కింది ఆకుల మీద సూదిమొనతో పొడిచినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. ఎండదెబ్బ అనుకొని ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోశాను. నాలుగైదు రోజులకు ఆకులు కంచు రంగుకు తిరిగాయి. తిరగేసి చూస్తే ఆకు ఈనెల పక్కన సాలెగూడు లాంటి సన్నటి బూజు, అందులో ఎర్రటి దుమ్ము. తెల్లకాగితం కింద పెట్టి ఆకును వేలితో తట్టాను. రాలిన చుక్కలు నడుస్తున్నాయి. ఒక్క ఆకుకే నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. వేలితో నలిపితే కాగితం మీద ఎర్రటి చార పడింది. ఎర్రనల్లి.

ఆ ఆకులే కవర్లో వేసుకొని ఒక మందుల షాపుకు పోయాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి కవరు విప్పి కూడా చూడలేదు. "ఇది కొట్టండమ్మా, అన్నీ పోతయ్" అని చిన్న సీసా చేతిలో పెట్టాడు. నేనూ అడగకుండా తెచ్చి మూడు సంచులకు కొట్టాను. రాత్రి తీరిగ్గా లేబుల్ చదివితే ఇమిడాక్లోప్రిడ్. అది పేనుబంక, పచ్చదోమ లాంటి రసం పీల్చే పురుగులకు మందు. నల్లి పురుగు జాతే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టం. దాన్ని ఆ మందు చంపదు. పైగా నల్లిని తినే చిన్న అక్షింతల పురుగుల్లాంటివి ఆ మందుకు చస్తాయి. వారం తిరిగేసరికి ఆ మూడు సంచులే అన్నిటికంటే ఎక్కువ మాడాయి. ఆ కాయలు మనవడి నోట్లోకి పోతాయన్న టెన్షన్‌తో మొక్కలు పీకేశాను. కాయలతో నిండుగా ఉన్న మొక్కలు. ఆ రోజు అన్నం సరిగా తినబుద్ధి కాలేదు. ఆకు చూడకుండా, ఏ పంట అని అడగకుండా మందు ఇవ్వడం తప్పు. ఈ మాట గట్టిగానే అంటున్నాను.

రెండో షాపులో పెద్దమనిషి కాగితం మీద చార చూసి అడిగిన మొదటి మాట: "కాయ తెంపుడు ఎప్పుడమ్మా?"

రోజు విడిచి రోజు అన్నాను.

"అయితే నా దగ్గరున్న నల్లి మందులేవీ మీకు పనికి రావు" అని, ప్రొపర్గైట్ సీసా తీసి లేబుల్ మీద మందు కొట్టిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో చూపించాడు. పొలంలో అయితే ఒక కోత వదులుకుంటారు, మిద్దె మీద మీరు వదలరు, పిల్లలు అసలే ఆగరు అన్నాడు. నీళ్లలో కలిపే గంధకం లీటరుకు మూడు గ్రాముల లెక్కన నల్లికి బాగానే పనిచేస్తుంది, కానీ ఈ ఎండలో కొడితే ఆకు మాడుతుంది, దాని వెనకాలే నూనె కొడితే ఇంకా ముప్పు, రెండు వారాలు ఎడం ఉండాలి అని కూడా చెప్పాడు. సీసా మీద త్రికోణం రంగు చూసి ఆకుపచ్చదైతే మంచిదే కదా అనుకునేదాన్ని. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెబుతుంది, కోతకు ఎన్ని రోజులు ఆగాలో చెప్పదు అని అక్కడే తెలిసింది. మందు అమ్మడానికి కూర్చున్న మనిషి మందు వద్దన్నాడు. ఈ పంపు ఆయన దగ్గరే కొన్నాను, నాలుగు వందల ఇరవై రూపాయలు. వేపనూనె మాత్రం గానుగ పట్టే చోట లీటరు తెచ్చుకున్నాను. చిక్కగా, ముదురు గోధుమ రంగులో, మూత తీస్తే ఇల్లంతా వాసన.

పంపులో నాకు నచ్చింది నాజిల్. ఇత్తడిది, మెడ దగ్గర పైకి తిరుగుతుంది. నల్లి ఆకు అడుగునే ఉంటుంది కదా. ఇంతకుముందు నా దగ్గరున్న పంపుకు నాజిల్ ముందుకే చూసేది. అడుగున కొట్టాలంటే సీసాను వెల్లకిలా వంచాలి, వంచితే లోపలి గొట్టం గాలి పీల్చి తుస్సుమంటుంది. దీన్ని నిలువుగానే పట్టుకొని మొక్క మొదట్లో పెట్టి పైకి కొడితే ప్రతి ఆకు అడుగూ తడుస్తుంది. మంచులా సన్నగా కావాలన్నా, ధారలా కావాలన్నా నాజిల్ తిప్పితే చాలు. పాతిక ముప్పైసార్లు పొడిస్తే మూడు నాలుగు నిమిషాలు ఆగకుండా వస్తుంది.

కష్టాలూ ఉన్నాయి. రెండు లీటర్లూ నింపితే మణికట్టు లాగుతుంది. నేను లీటరుంబావు దాటి నింపడం లేదు. మీట నొక్కిపట్టే చిన్న లాక్ నెలకే వదులైంది. మూడో వారంలో పిడి దగ్గర కారడం మొదలైంది. విప్పి చూస్తే రబ్బరు వాషర్ నూనెకు ఉబ్బింది. సైకిల్ షాపులో అదే సైజు వాషర్ దొరికింది. అప్పటినుంచి కొట్టడం అయిపోగానే ఉత్త నీళ్లు రెండుసార్లు నింపి చిమ్మించి, మూత తీసి బోర్లిస్తున్నాను. మళ్లీ కారలేదు.

ఇక వేపనూనె. మొదటిరోజు దీన్ని తిట్టుకున్నాను, తప్పు నీళ్లదని తర్వాత అర్థమైంది. అందరూ చెప్పినట్టే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల నూనె, కాస్త సబ్బు వేసి బోరు నీళ్లతో కలిపాను. పాలు విరిగినట్టు తెల్ల ముక్కలు తేలాయి, నూనె విడిగా పైకి వచ్చి కూర్చుంది. నాజిల్ రెండుసార్లు పట్టేసింది. నూనె చుక్కలుగా పడిన చోట మర్నాటికి ఆకు మాడి మచ్చలు. మన నల్లగొండ బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ గురించే మాట్లాడుకుంటాం. మా బోరుకైతే సున్నపు గుణం కూడా అంతే ఉంది. బకెట్‌కు అంచున తెల్లగా పేరుకుంటుంది, బట్టల సబ్బు రుద్దినా నురుగు రాదు. అలాంటి నీళ్లలో సబ్బు ఆ సున్నంతో కలిసి గడ్డకడుతుంది. నూనెను పట్టుకొని నీళ్లలో కలపడానికి ఇక సబ్బు మిగలదు.

మా అత్తమ్మ కింద మంచం మీద కూర్చొని ఇదంతా వింటోంది. "కుంకుడుకాయలు నానబెట్టు బిడ్డా. మేం చిన్నప్పుడు ఊరిబాయి ఉప్పునీళ్లతోనే తల రుద్దుకున్నం, నురుగు రాకపోయిందా?" అంది. ఎనభై దాటిన మనిషి. అంత తేలిక ఉపాయం నాకెందుకు తట్టలేదా అని చాలాసేపు ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

పది కాయలు గింజ తీసి గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పాత నూలు చీర గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఒక్కసారి వడకడితే చాలదు, పిప్పి నాజిల్‌కు అడ్డం పడుతుంది. ముందు నూనెను రెండు మూడు చెంచాల చిక్కటి రసంలో పోసి సీసాలో బాగా కుదిపితే మజ్జిగలా తెల్లబడుతుంది. ఆ తర్వాతే నీళ్లు కొంచెం కొంచెంగా కలపాలి. నేను బోరు నీళ్లు మానేసి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పట్టి వాడుతున్నాను. రెండూ కుదిరాక నూనె పైకి తేలడం ఆగింది. అయినా మధ్యమధ్య పంపును ఊపుతూనే ఉంటాను. కలిపింది ఆ పూటకే, మిగిల్చి మర్నాడు కొట్టకూడదు.

కొట్టే వరుస ఇదీ. పొద్దున కోత అయిపోవాలి. అదే రోజు సాయంత్రం ఆరు దాటాక, మిద్దె వేడి తగ్గాక కొట్టాలి. బెండ పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, తేనెటీగలు వచ్చేది అప్పుడే. సాయంత్రం వాటికి అడ్డం ఉండదు. కొట్టని రోజుల్లో పొద్దున్నే ఇదే పంపులో ఉత్త నీళ్లు నింపి, నాజిల్ ధారకు తిప్పి ఆకు అడుగులు కడిగాను. నిజం చెప్పాలంటే సగం పని ఈ నీళ్లే చేశాయి. ఎండ ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడు నల్లి గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం పదిరోజులు చాలు, బూజు కట్టుకొని అందులో దాక్కుంటుంది. నీటి ధారకు ఆ బూజు తెగుతుంది, నల్లి రాలుతుంది. బాగా మాడిన కింది ఆకులు తెంపి కవర్లో మూటకట్టి రెండు రోజులు ఎండలో పెట్టి పారేశాను. ఎరువు గుంతలో మాత్రం వేయలేదు.

గుడ్లన్నీ ఒక్క దెబ్బకు పోవు. ఐదు రోజులకొకసారి మూడుసార్లు కొట్టాను. ప్రతిసారీ అదే కాగితం పరీక్ష. మొదట నలభై ఉన్న చోట రెండో దఫా తర్వాత పన్నెండు, మూడో దఫా తర్వాత రెండో మూడో. మే నెలాఖరులో మళ్లీ కొద్దిగా కనిపిస్తే ఇంకొక్కసారి కొట్టాను. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని కోసం ఎదురుచూడకండి. కొత్త చిగురు మచ్చ లేకుండా వస్తే మందు పనిచేసినట్టే.

రుచి గురించి చాలామంది అడిగారు. నూనె నేరుగా పడిన కాయ మర్నాడు తెంపితే, కడిగినా తొక్క మీద కొంచెం చేదు తగిలింది. రెండో రోజు తెంపి బాగా కడిగితే వేపుడులో ఏ తేడా తెలియలేదు. అందుకే కొట్టిన రోజు సాయంత్రం నుంచి మర్నాటి దాకా మిద్దె తలుపుకు గడియ పెడతాను, మనవడు పైకి రాకుండా. వంకాయ ఆకు మీద నూగు ఉంటుంది కాబట్టి దానికి ఇంకా నింపాదిగా, ఆకు ఆకుకూ కొట్టాలి. మిరపకు మాత్రం నేను కొట్టలేదు, ఆ మొక్కలకు అసలు నల్లే రాలేదు.

రెండు మూడు వందల మొక్కలున్నవాళ్లకు ఈ పంపు చాలదు, వీపుకు తగిలించుకునేది కొనుక్కోవాలి. ఇరవై ముప్పై కుండీల వాళ్లు కొనవచ్చు. కొనేటప్పుడు షాపులోనే నీళ్లు నింపించి, నాజిల్ మెడ పూర్తిగా పైకి తిరుగుతుందో లేదో చూసుకోండి. వాషర్లు రెండు అదనంగా అడగండి. నా దగ్గర మిగిలిన పదకొండు సంచుల్లో నిన్న పొద్దున కిలోకు కొంచెం తక్కువ తెంపాను. పీకేసిన మూడు సంచుల్లో మట్టి మార్చి, తొలకరి చినుకు పడగానే మళ్లీ బెండే వేశాను.