సైన్స్ పాఠాల్లో టెక్నాలజీ స్టాండర్డ్స్: కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ

వైజాగ్ లో గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, 8, 9, 10 తరగతులకి. ఐఎస్‌టీఈ (చదువులో టెక్నాలజీ వాడకం మీద పనిచేసే సంస్థ) స్టాండర్డ్స్ ని పాఠాల్లో కలిపి చెప్పడం మొదలెట్టి కొన్నేళ్ళయింది. ఈ మధ్య కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్లు చాలామంది "ఇవి నిజంగా క్లాసులో పనికొస్తాయా మాస్టారూ, లెసన్ ప్లాన్ లో రాసుకోడానికేనా" అని అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. పనికొస్తాయి. కానీ ఉన్న ఏడు స్టాండర్డ్సూ కాదు, ప్రతి పాఠానికీ కాదు.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇవి అమెరికాలో పుట్టినవి, పిల్లలకి సంబంధించిన మొదటి సెట్ 1998లో వచ్చింది, 2007లో మార్చారు, 2016లో మళ్ళీ మార్చి ఏడు చేశారు: ఎంపవర్డ్ లెర్నర్, డిజిటల్ సిటిజన్, నాలెడ్జ్ కన్‌స్ట్రక్టర్, ఇన్నోవేటివ్ డిజైనర్, కంప్యూటేషనల్ థింకర్, క్రియేటివ్ కమ్యూనికేటర్, గ్లోబల్ కొలాబరేటర్. మనకి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ ఐసీటీ (కంప్యూటర్, సమాచార టెక్నాలజీ) కరికులం వేరే ఉంది, అదీ చూశాను, బానే ఉంటుంది. నాకు ఐఎస్‌టీఈవే ఎందుకు నచ్చాయంటే వాటిలో ఏ మిషన్ కొనాలి, ఏ యాప్ వాడాలి అని ఉండదు, పిల్లాడు ఏం చెయ్యగలగాలి అని ఉంటుంది. డేటా సేకరించగలగాలి, దాన్ని విడగొట్టి చూడగలగాలి, దొరికిన సమాచారం నమ్మొచ్చో లేదో తేల్చుకోగలగాలి. ఇది చదివితే సైన్స్ టీచర్ కి ఒక్కసారి వెలుగుతుంది, అరె, ఇది మనం ల్యాబ్ లో ఎప్పట్నుంచో చేయించాలనుకునేదే కదా అని.

మా దగ్గర ఐఎఫ్‌పీ ప్యానెల్స్ (క్లాసులో పెట్టే పెద్ద టచ్ స్క్రీన్లు) వచ్చిన కొత్తలో అందరూ చేసింది వీడియోలు వెయ్యడం. పిల్లలు చూస్తారు, బాగుందంటారు, మర్నాడు అడిగితే ఒక్కడికీ గుర్తుండదు. స్టాండర్డ్ పక్కన పెట్టుకుని పాఠం రాసుకుంటే ఈ తేడా ముందే తెలిసిపోతుంది, వీడియో చూస్తున్నంతసేపూ పిల్లాడు ఏం చేస్తున్నాడు అని రాయాల్సిన గడి ఖాళీగా ఉండిపోతుంది కాబట్టి. నా వరకు స్టాండర్డ్స్ వల్ల మొదటి లాభం ఇదే, ప్యానెల్ ఆన్ చెయ్యని రోజులు పెరిగాయి.

అన్నిటికన్నా బాగా కుదిరింది 9వ తరగతి ధ్వని పాఠం, దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తా. ఫైఫాక్స్ అని ఒక యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, ఫ్రీ, యాడ్స్ ఉండవు. ఫోన్లో ఉన్న సెన్సర్లనే కొలిచే పరికరాలుగా మార్చేస్తుంది. అందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ అని ఉంటుంది, చప్పుడు వినగానే మొదలై రెండో చప్పుడుకి ఆగిపోతుంది. రెండు ఫోన్లు చాలు. మా స్కూల్ వరండాలో టేపు పెట్టి 5 మీటర్లు కొలిచి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెడతాం, ఒక్కో ఫోన్ దగ్గర ఒక్కో పిల్లాడు. మొదటివాడు చప్పట్లు కొడతాడు, వాడి ఫోన్ వెంటనే మొదలవుతుంది, రెండోది ఆ ధ్వని చేరాక మొదలవుతుంది. తర్వాత రెండోవాడు కొడతాడు, వాడి ఫోన్ వెంటనే ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు ఫోన్లలో టైముల తేడా చూస్తే ధ్వని 5 మీటర్లు వెళ్ళి 5 మీటర్లు రావడానికి పట్టే టైము, అంటే 10 మీటర్లది.

వరండాలో 33 డిగ్రీలుంటే ధ్వని వేగం సెకనుకి 351 మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే తేడా 0.0285 సెకన్లు రావాలి. పిల్లలకి 0.027 నించి 0.031 దాకా వస్తాయి, లెక్కేస్తే 370 నించి 323 దాకా. ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. "ఏటి సార్, ఒక్కో బ్యాచ్ కి ఒక్కోటి వస్తంది" అంటారు. నేను జవాబు చెప్పను. అన్ని బ్యాచ్ లవీ బోర్డు మీద రాయించి సగటు తీయిస్తా, అప్పుడు పుస్తకంలో విలువకి దగ్గరగా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒక పాప "ఫోన్ల మధ్య దూరం 10 మీటర్లు చేస్తే సార్?" అంది. చేశాం. తేడా 0.057 దగ్గర వచ్చింది, తప్పు మాత్రం అంతే ఉండిపోయింది, అంటే శాతంలో సగమైపోయింది. ఎర్రర్ గురించి నేను గంట లెక్చర్ ఇచ్చినా ఆ పాప అడిగిన ఒక్క ప్రశ్నంత పని చెయ్యదు. నాలెడ్జ్ కన్‌స్ట్రక్టర్ అంటే ఏంటని ఎవరన్నా అడిగితే నేను ఈ క్లాసే చెప్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫ్యాన్లు ఆపెయ్యాలి, బయట ఆటో హారన్ కొడితే స్టాప్‌వాచ్ ఆగిపోతుంది, పక్క క్లాసులో ఎక్కాలు చదువుతుంటే అసలు కుదరదు. థ్రెషోల్డ్ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని కొంచెం పెంచుకుంటే చిన్న చప్పుళ్ళు పట్టించుకోదు. నేనైతే ఫస్ట్ పీరియడే పెట్టుకుంటా. పిల్లలు స్కూల్ కి ఫోన్లు తేకూడదు కాబట్టి నాదీ ఇంకో టీచర్ దీ వాడతాం, నోటిఫికేషన్లు ఆపి, ఫ్లైట్ మోడ్ లో పెట్టి ఇస్తా. క్లాసంతటికీ రెండే ఫోన్లు అనేసరికి బ్యాచ్ లు తిరగడానికే పీరియడ్ అయిపోతుంది, రెండో పీరియడ్ అడుక్కోక తప్పదు.

ఈ పాఠం తర్వాత సోనార్ (నీటిలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైముని బట్టి లోతు తెలుసుకోవడం) చెప్తే వైజాగ్ పిల్లలకి ఎక్కినట్టు ఇంకెక్కడా ఎక్కదనుకుంటా. పుస్తకంలో లెక్క ఉంది, ఓడ నించి పంపిన అల్ట్రాసౌండ్ 3.42 సెకన్లకి తిరిగొచ్చింది, సముద్రపు నీటిలో వేగం సెకనుకి 1531 మీటర్లు, లోతెంత అని. జాలరిపేట నించి వచ్చే కుర్రాడు లేచి మా నాన్న బోటులో స్క్రీన్ మీద కింద లోతు కనిపిస్తాది సార్, చేపలు కూడా కనిపిస్తాయి అన్నాడు. మరి 75 మీటర్ల లోతుంటే నీ బోటు మిషన్ కి శబ్దం ఎంతసేపట్లో తిరిగొస్తుంది అని క్లాసంతటినీ అడిగా. వేగం 1500 అనుకుంటే 0.1 సెకను. వరండాలో 0.0285 కొలిచిన పిల్లలకి 0.1 సెకను అంటే ఎంతో చేతికి తెలుసు, అందుకే వెంటనే నమ్మారు. బీచ్ రోడ్ లో కుర్సురా సబ్‌మెరైన్ చూడని పిల్లలుండరు, తర్వాతిసారి వెళ్ళినప్పుడు సోనార్ గది ఎక్కడా అని వెతికామని చెప్పారు.

10వ తరగతి కరెంటు పాఠానికి ఫెట్ సిమ్యులేషన్స్ (స్క్రీన్ మీద చేసే ప్రయోగాలు) వాడతా. కార్ల్ వీమన్ అని 2001లో ఫిజిక్స్ నోబెల్ వచ్చినాయన 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలెట్టిన ప్రాజెక్టు ఇది. ఒక్కో సిమ్యులేషన్ ని ఒక ఫైల్ గా డౌన్లోడ్ చేసుకోవచ్చు, తర్వాత నెట్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ లో పట్టుకెళ్తే ప్యానెల్ మీద ఆడేస్తుంది. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. సర్క్యూట్ కిట్ లో పిల్లలు మొదట చేసేది బ్యాటరీకి తీగతో షార్ట్ చెయ్యడం, మంటలొస్తాయి, క్లాసంతా గోల. చెయ్యనివ్వండి, కంగారు పడొద్దు. నిజం బ్యాటరీతో చెయ్యకూడనిది ఇక్కడ చేసుకుని ఎందుకొచ్చిందో అడగొచ్చు, నిరోధం దాదాపు సున్నా అయితే కరెంట్ ఏమవుతుంది అని.

కానీ ఫెట్ ఉంది కదా అని నిజం సర్క్యూట్ మానేస్తే మాత్రం నాకు నచ్చదు, ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటా. సిమ్యులేషన్ లో బ్యాటరీకి అంతర్నిరోధం (దాని లోపల ఉండే నిరోధం) మనం పెట్టేదాకా లేనట్టే ఉంటుంది, రీడింగులన్నీ గీత గీసినట్టు వస్తాయి. నిజం సెల్ తో చేస్తే బల్బులు సమాంతరంగా పెంచేకొద్దీ వోల్టేజీ కొంచెం జారుతుంది, క్లిప్ వదులుగా ఉంటే అమ్మీటర్ ముల్లు ఊగుతుంది. రెండూ ఒకే రోజు చేయించి "ఎందుకు తేడా వచ్చింది" అని రాయించాలి. అప్పుడు కొంతమంది సెల్ పాతది సార్ అని రాస్తారు, ఒకరిద్దరు సెల్ లోపల కూడా నిరోధం ఉందేమో అని రాస్తారు. ఆ ఒకరిద్దరి కోసం సిమ్యులేషన్ లో అంతర్నిరోధం స్లైడర్ పెంచి చూపిస్తే రెండు రీడింగులూ కలిసిపోతాయి.

కంప్యూటేషనల్ థింకర్, అంటే డేటా సేకరించి విడగొట్టి చూడటం, దానికి లోలకం చాలు. పొడవులు మార్చి కాలం కొలిచి ఎక్సెల్ లో పెడతాం, ఊరికే పొడవుకీ కాలానికీ గ్రాఫ్ గీస్తే వంకర వస్తుంది, కాలాన్ని వర్గం చేసి గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు 4 దగ్గర. అందులోంచి జీ (గురుత్వ త్వరణం) విలువ తీస్తే 9.8 కి దగ్గరగా వస్తుంది. ఇది గ్రాఫ్ కాగితం మీద కూడా చెయ్యొచ్చు, నేను మొదట కాగితం మీదే చేయిస్తా, తర్వాతే ఎక్సెల్.

డిజిటల్ సిటిజన్ అన్నది సైన్స్ కి సంబంధం లేదనుకుంటారు చాలామంది. వైజాగ్ లో ఉంటూ అలా అనుకోడానికి వీల్లేదు. అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే వాట్సాప్ లో తుఫాను ఫార్వార్డులు మొదలు, రేపు 200 కిలోమీటర్ల గాలి, హుద్‌హుద్ కన్నా పెద్దది అని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది, పెద్దవాళ్ళకి ఆ పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది, అందుకే ఆ మెసేజులు అంత తొందరగా తిరుగుతాయి. మన ఊళ్ళోనే ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాళ్ళ తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది. పిల్లలకి ఒక ఫార్వార్డ్ ఇచ్చి, పక్కన ఆ రోజు ఐఎండీ బులెటిన్ పెట్టి పోల్చమంటా. బులెటిన్ లో గాలి వేగం నాట్స్ లో ఉంటే 1.852 తో గుణించి కిలోమీటర్లు చెయ్యాలి. గంటకి 62 నించి 88 కిలోమీటర్లయితే తుఫాను, 89 నించి 117 అయితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్రం. మెసేజ్ లో తారీఖు ఉందా, ఎవరిచ్చారో ఉందా, ఫొటో ఈ తుఫానుదేనా. ఈ పాఠం అయ్యాక ఇళ్ళలో అమ్మానాన్నలకి పిల్లలే చెప్తున్నారు ఇది పాత మెసేజ్ అని. నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

నచ్చనివి కూడా చెప్పాలి. గ్లోబల్ కొలాబరేటర్ మాకు కుదర్లేదు, వేరే దేశం పిల్లలతో కలిసి ప్రాజెక్టు అంటే నెట్ కావాలి, టైము కలవాలి, మా పిల్లలకి ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడే అలవాటు ఉండాలి. పక్క మండలం స్కూల్ తో రీడింగులు పంచుకోవడం దాకా చేశాం, అది బానే ఉంది. ఇన్నోవేటివ్ డిజైనర్ కి అటల్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసుకునే ల్యాబ్) ఉన్న స్కూళ్ళు అదృష్టవంతులు. ఇంకోటి, స్కూల్ పరీక్షల మార్కుల్లో వీటికి చోటు లేదు, పదో తరగతిలో జనవరి దాటాక ఎవరూ ఒప్పుకోరు, నేనూ అడగను. ఒక ట్రైనింగ్ లో ప్రతి పీరియడ్ కీ మూడు స్టాండర్డ్స్ రాయాలన్నారు. ఇది మాత్రం వద్దు, రాతలో ఉంటుంది క్లాసులో ఉండదు. యూనిట్ కి ఒక్కటి తీసుకోండి, అది కూడా పాఠం అడిగితేనే. ముందు సైన్స్ లో పిల్లాడికి ఏం తెలియాలో రాసుకుని, దానికి ఫోన్ లేకపోతే జరగని పని ఏదైనా ఉందా అని చూసుకుంటే సగం పాఠాలకి అవసరమే ఉండదు.

ఒక్క ఫోనే ఉన్నవాళ్ళు ఫైఫాక్స్ లో బంతి ప్రయోగంతో మొదలెట్టండి, ఇన్‌ఇలాస్టిక్ కొలిజన్ అనే పేరుతో ఉంటుంది. ఫోన్ నేల మీద పెట్టి పక్కన బంతి వదిలేస్తే ప్రతి ఎగురుకీ మధ్య టైము పట్టుకుని ఎంత ఎత్తు నించి వదిలారో, ఒక్కో దెబ్బకి ఎంత శక్తి మిగిలిందో చెప్పేస్తుంది. టేపుతో మీరు కొలిచిన ఎత్తుతో పోల్చుకోవచ్చు. గచ్చు నేల అయితే బాగా వస్తుంది, మట్టిలో చెయ్యొద్దు. రబ్బరు బంతి, టెన్నిస్ బంతి, గోళీ మూడూ పెట్టి ఏది ఎక్కువ శక్తి పోగొట్టుకుంటుందో ముందు పిల్లల చేత ఊహించి రాయించండి, ఆ తర్వాతే ఫోన్ బయటికి తియ్యండి.