చవకైన స్పోర్ట్స్ కారు: పాత జీఆర్86 మేలా, కొత్త ఎంఎక్స్-5 మేలా?

తక్కువ బరువు, వెనుక చక్రాలకు శక్తి, మాన్యువల్ గేర్లు, సామాన్యుడికి అందే ధర ఉన్న కారు కావాలనుకునే ఐరోపా కొనుగోలుదారు ముందు ఇప్పుడు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, 2022 నుంచి రెండేళ్లు మాత్రమే అక్కడ అమ్ముడైన టయోటా జీఆర్86ను సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవడం. రెండోది, 2024లో కొత్త నిబంధనలకు తగ్గట్టు మార్పులు చేసుకున్న మాజ్దా ఎంఎక్స్-5ను కొత్తగా కొనడం. ఈ ఎంపిక ఇలా మారడానికి ఇంజిన్ల కన్నా భద్రతా నియమాలే ఎక్కువ కారణం.

యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన సాధారణ భద్రతా నియమావళి 2022 జూలైలో కొత్త మోడళ్లకు, 2024 జూలైలో అమ్మకానికి వచ్చే కొత్త కార్లన్నింటికీ వర్తించింది. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, వేగపరిమితి హెచ్చరిక, లేన్ దాటకుండా చూసే వ్యవస్థ, డ్రైవరు నిద్రమత్తును పసిగట్టే వ్యవస్థ తప్పనిసరి అయ్యాయి. లక్షల సంఖ్యలో అమ్ముడయ్యే హ్యాచ్‌బ్యాక్‌కు ఈ కెమెరాలు, రాడార్లు, వాటిని నడిపే కంప్యూటర్ల ఖర్చు పెద్ద భారం కాదు. దాని మీద కట్టిన వేగవంతమైన రూపానికి కూడా అవి వారసత్వంగా వస్తాయి. కొద్ది సంఖ్యలో అమ్ముడయ్యే స్పోర్ట్స్ కారుకు ఆ సౌకర్యం లేదు: సెన్సార్లకు చోటు చూడాలి, వైరింగ్ మార్చాలి, మళ్లీ పరీక్షలు చేయించాలి, ఆ ఖర్చంతా కొద్ది కార్ల మీదే రాబట్టుకోవాలి. ఈ నిబంధనల దృష్ట్యానే ఐరోపాలో రెండేళ్లే అమ్ముతామని టయోటా ముందే చెప్పింది. మాజ్దా మాత్రం ఎలక్ట్రానిక్ వ్యవస్థనే కొత్తగా అమర్చుకుని నిలబడింది. మాజ్దా చేసిన ఆ పనిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

అయితే అన్ని భద్రతా పరికరాలనూ ఒకే గాటన కట్టకూడదు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌నే చూడండి. తడిరోడ్డు మలుపులో వెనుక భాగం జారితే, స్టీరింగు తిప్పిన కోణానికీ కారు నిజంగా తిరుగుతున్న తీరుకీ తేడా గమనించి, బయటివైపు ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును మళ్లీ దారిలోకి లాగుతుంది. వేరే వాహనం ప్రమేయం లేని ప్రమాదాల్లో ప్రాణాపాయాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని అమెరికా పరిశోధనలు తేల్చాయి. 2014 నవంబరు నుంచి ఐరోపాలో ప్రతి కొత్త కారులోనూ ఇది తప్పనిసరి. అవసరం లేనప్పుడు దాని ఉనికే తెలియదు. జీఆర్86లో ట్రాక్ మోడ్ (రేస్ ట్రాక్ కోసం ఉద్దేశించిన అమరిక) నొక్కితే అది కొంత జారనిచ్చి, అదుపు తప్పేటప్పుడే అడ్డుపడుతుంది. నడిపే ఆనందాన్ని మిగిల్చే భద్రత అంటే ఇదే.

వేగపరిమితి హెచ్చరిక తీరు వేరు. కెమెరాతో బోర్డును చదివి, మ్యాపుతో సరిచూసుకునే ఈ వ్యవస్థ పక్కరోడ్డు బోర్డును పొరపాటున మన రోడ్డుదిగా తీసుకోవచ్చు. ఆపేసినా, మళ్లీ స్టార్టు చేయగానే తిరిగి మేలుకుంటుంది. శబ్దమే చేయాలని నియమం చెప్పలేదు, యాక్సిలరేటర్ పెడల్ కంపనంతో తెలియజేయవచ్చని కూడా చెప్పింది. చవకైన మార్గం బీప్ శబ్దం కాబట్టి చాలా కంపెనీలు దాన్నే ఎంచుకున్నాయి. ఇక్కడ తప్పు నియమం ఉద్దేశంలో కన్నా అమలులో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

రోజూ ఆఫీసుకు, ట్రాఫిక్‌లోకి వెళ్లే కారు కావాలంటే నేను ఎంఎక్స్-5నే సూచిస్తాను. ముందు వాహనం హఠాత్తుగా ఆగినప్పుడు తానే బ్రేకు వేసే గుణం నగరంలో ఎంతో విలువైనది. మాన్యువల్ గేరుకూ దానికీ పొసగదన్న మాట కూడా నిజం కాదు: అమెరికాలో 2024 మోడల్ నుంచి మాన్యువల్ జీఆర్86కూ ఆ కెమెరాలు అమర్చారు. వారాంతాల్లో ట్రాక్‌కు తీసుకెళ్లడమే ప్రధానమైతే 234 హార్స్‌పవర్, మూసిన పైకప్పు ఉన్న జీఆర్86 మేలు. రెండు కార్లలోనూ స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కనుక ఆ విషయంలో రాజీ పడవలసిన పని లేదు.

కొనేముందు ఎంఎక్స్-5ను నడిపి చూసేటప్పుడు వేగ హెచ్చరికను ఎన్ని నొక్కులతో ఆపవచ్చో స్వయంగా చూసుకోండి. ముందు అద్దం పగిలి మార్చవలసి వస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చును బీమా భరిస్తుందో లేదో ముందే అడగండి. జీఆర్86 విషయంలో పాత యజమాని దాన్ని ట్రాక్‌లో నడిపాడా, ఇంజిన్ ఆయిల్ ఎంత తరచుగా మార్పించాడో సర్వీసు రికార్డులో చూడకుండా బయానా ఇవ్వకండి.