ఇంటి నేలకు నాపరాళ్లు: వాడి చూశాక నా మాట

కడపలో ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్సా, బండలా అని తెగ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా. మేం హాలు, వంటిల్లు, వరండా అన్నింటికీ నాపరాళ్లే పరిపించాం, మళ్లీ కట్టినా ఇవే వేయిస్తాం. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో తిరిగొచ్చి, చెప్పులు విడిచి లోపల కాలు పెడితే ఆ చల్లదనానికే ప్రాణం లేచొస్తుంది. మధ్యాహ్నం చాప కూడా లేకుండా కిందే పడుకుంటాం, మా అమ్మకైతే ఆ బండల మీద కాళ్లు చాపుకుని కూరగాయలు తరిగితేనే తన ఇంట్లో ఉన్నట్టు. నున్నటి టైల్స్ మీద నీళ్లు పడితే జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో అదో టెన్షన్.

రాయి ఇక్కడిదే. నల్లటి కడప బండ సరే, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చేవీ దొరుకుతాయి.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి వెంటనే తుడవకపోతే పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది, బాత్రూం యాసిడ్ అయితే అసలు తగలనివ్వకండి. మాకు పాలిష్ పట్టినాయన తొందరలో గోడల అంచులు వదిలేశాడు, ఇప్పటికీ అక్కడ గరుకే. దగ్గరుండి చేయించుకోండి, అదీ రంగులు వేయకముందే, ఎందుకంటే పాలిష్ పట్టేటప్పుడు వచ్చే బురద గోడలకంతా చిందుతుంది. కొనేటప్పుడు అన్నీ ఒకే మందం ఉన్నాయో లేదో మీరే నిలబడి ఏరుకోండి.