అమ్మను దగ్గరికి తెచ్చుకోవడానికి ఏది మేలు: జర్మనీ చట్టమా, యూరప్ స్వేచ్ఛా సంచార హక్కా?

ఈ ఉగాదికి జర్మనీలోని ఆఖెన్‌లో తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు ముగ్గురు విడివిడిగా నన్ను పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మను ఎలా తెచ్చుకున్నారు? మేమూ అలాగే చేయవచ్చా?" ఏడాదిగా ఫోనులో అడుగుతున్నవాళ్లు ఇంకా ఎందరో. అందరికీ ఒకే కథ చెబుతున్నాను కానీ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు ఇవ్వవలసి వస్తోంది. ఏ దారి సరిపోతుందో మన ఇష్టం కన్నా అమ్మానాన్నల బ్యాంకు పాసుపుస్తకం ఎక్కువగా తేలుస్తుంది. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

చదువు కోసం 2013లో ఆఖెన్ వచ్చాను. అక్కడే ఉద్యోగం, 2022లో జర్మన్ పౌరసత్వం. మరుసటి ఏడాది మాస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చూసుకొని, సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లో కాపురం పెట్టాం. దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు తెనాలి నుంచి గుంటూరు వెళ్లినంత. ఆ కాస్త దూరానికే అమ్మ విషయంలో వర్తించే చట్టం మొత్తం మారిపోయింది. 2024 నుంచి అమ్మ మాతో ఉంటోంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. నిపుణ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, బ్లూ కార్డు మీద 'ఈయూ' అని ఉన్నంత మాత్రాన స్వేచ్ఛా సంచార హక్కు రాదు. ఆ హక్కును ఇచ్చే యూరప్ చట్టం, 2004/38 ఆదేశం, యూరోపియన్ యూనియన్ (ఈయూ) పౌరులకు, అది కూడా తమ సొంత దేశం కాని మరో సభ్య దేశంలో ఉంటున్నప్పుడు వర్తిస్తుంది. భారత పాస్‌పోర్టుతో జర్మనీలో ఎన్నేళ్లు ఉన్నా అది మనది కాదు. జర్మన్ పౌరసత్వం తీసుకొని జర్మనీలోనే ఉండిపోయినా, సాధారణంగా ఇంతే. అదే జర్మన్ పౌరుడు నెదర్లాండ్స్‌కో బెల్జియంకో వెళ్లి పని చేస్తే, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఆ చట్టం దృష్టిలో కుటుంబ సభ్యులే. భార్య లేదా భర్త తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. జర్మనీలో ఉంటున్న మీ జీవిత భాగస్వామి ఇటలీ పౌరురాలో పోలండ్ పౌరుడో అయితే మీరు ఎక్కడికీ కదలనక్కరలేదు, మీ అమ్మ ఆమెకు అత్తగారిగానో అతనికి అత్తగారిగానో వస్తుంది. విద్యార్థిగా వెళ్లే పౌరులకు మాత్రం తల్లిదండ్రుల విషయంలో ఈ హక్కు పూర్తి స్థాయిలో ఉండదు, కాబట్టి అక్కడ ఉద్యోగమో స్వయం ఉపాధో చూసుకోవడం మంచిది.

ఇక జర్మనీ సొంత చట్టం సంగతి. నివాస చట్టం 36వ సెక్షన్‌లో ముందు నుంచీ ఉన్నది 'అసాధారణ కష్టం' అనే ద్వారం. ఆ ద్వారం చాలా ఇరుకు. అమ్మ ఒంటరిగా ఉంది, బెంగగా ఉంది, మోకాళ్లు నొప్పులు అంటే అది కష్టం కింద లెక్కకు రాదు. ఆమెకు తప్పనిసరిగా సంరక్షణ కావాలి, ఆ సంరక్షణ జర్మనీలో ఉన్న మీ దగ్గర మాత్రమే దొరకాలి. విజయవాడలో తమ్ముడు ఉన్నాడంటే, డబ్బిస్తే ఇంట్లో ఉండి చూసుకునే మనిషి దొరుకుతుందంటే, కేసు అక్కడే బలహీనపడుతుంది.

2024 మార్చి 1 నుంచి అదే సెక్షన్‌లో మరో తలుపు తెరిచారు. ఆ తేదీన గానీ తర్వాత గానీ మొదటిసారి బ్లూ కార్డు లాంటి నిపుణుల నివాస అనుమతి పొందినవారు తల్లిదండ్రులను తెచ్చుకోవచ్చు. అసాధారణ కష్టం నిరూపించనక్కరలేదు. ఇది నిజంగా మంచి మార్పు. కానీ మా తరానికి, అంటే అంతకు ముందే అనుమతి తీసుకున్నవారికి, ఇది అందలేదు. అందినవారికి కూడా ఆరోగ్య బీమా దగ్గర కాలు తడబడుతుంది. తల్లిదండ్రుల పోషణ, బీమాతో సహా, ప్రభుత్వం మీద పడకుండా చూపించాలి. ప్రయాణ బీమా చాలదు, ప్రభుత్వ బీమా స్థాయిలో ఖర్చు భరించే పాలసీ కావాలి. 55 ఏళ్లు దాటి కొత్తగా వచ్చినవారికి ప్రభుత్వ బీమాలో చోటు దొరకడం చాలా కష్టం. ప్రైవేటు బీమా వయసునూ జబ్బులనూ చూసి ధర కడుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్న అరవై ఎనిమిదేళ్ల మనిషికి నెల నెలా ఎంత కట్టాలో విన్నాక, అర్హత ఉండి కూడా ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

నెదర్లాండ్స్‌లో ఈ బాధ లేదు. అక్కడ చట్టబద్ధంగా నివసించే వారందరికీ ప్రాథమిక బీమా తప్పనిసరి, కంపెనీ వయసు చూసి గానీ జబ్బు చూసి గానీ కాదనడానికి వీల్లేదు. ఒకే పాలసీకి ఇరవై ఏళ్ల కుర్రాడికీ మా అమ్మకూ ప్రీమియం ఒకటే. 2025లో అది నెలకు 160 యూరోల చుట్టుపక్కల ఉంది. దాని మీద ఏడాదికి 385 యూరోల దాకా ఖర్చు మన చేతి నుంచి పడుతుంది. తల్లిదండ్రుల కోసం దేశం మారాలనుకునేవారు ఏ దేశానికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు జీతం కన్నా ముందు ఈ బీమా పద్ధతి కనుక్కోవాలి.

ఇన్ని చెప్పినా, నా దృష్టిలో అసలు తేల్చేది 'ఆధారపడటం' అన్న మాట. తెలుగులో ఆధారం అంటే ఆసరా, ఆధారం అంటే రుజువు కూడా. ఈ దారిలో రెండు అర్థాలూ కావాలి: ఆసరా నిజంగా ఇచ్చి ఉండాలి, ఇచ్చినట్టు రుజువూ ఉండాలి.

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2007 జనవరి 9న జియా కేసులో దీన్ని తేల్చింది. స్వీడన్‌లో ఉంటున్న జర్మన్ కోడలి దగ్గరికి చైనా నుంచి వచ్చిన అత్తగారి కేసు అది. తల్లిదండ్రులు తమ కనీస అవసరాలు తీర్చుకోవడానికి బిడ్డ మీదో, బిడ్డ జీవిత భాగస్వామి మీదో ఆర్థికంగా ఆధారపడి ఉండాలి. ఆ అవసరం సొంత ఊళ్లో, బయలుదేరడానికి ముందే ఉండాలి. తగిన ఏ పద్ధతిలోనైనా నిరూపించవచ్చు. కానీ ఇకపై నేను పోషిస్తాను అన్న హామీ ఒక్కటే చాలదని అధికారులు చెప్పవచ్చు. మనవాళ్లు ఎంతో నమ్మకంతో వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ రాయించుకొని వస్తారు. ఒక్క దానితో పని జరగదు.

2014లో వచ్చిన రేయెస్ తీర్పు మనలాంటివారికి ఇంకా దగ్గరిది. ఫిలిప్పీన్స్ నుంచి జర్మనీకి వచ్చి పౌరసత్వం పొంది, ఆ తర్వాత స్వీడన్‌కు మారిన తల్లి, ఆమె దగ్గరికి వెళ్లిన వయసొచ్చిన కూతురు. గణనీయమైన కాలం పాటు క్రమం తప్పకుండా డబ్బు పంపి ఉంటే, ఆ డబ్బు అవసరమై ఉంటే చాలు, ఎందుకు ఆధారపడ్డావు, ఉద్యోగం ఎందుకు వెతుక్కోలేదు అని అడగకూడదని కోర్టు చెప్పింది. ఆస్తి పంపకాలో, పాత అప్పులో కారణం ఏదైనా కావచ్చు. ఆధారపడి ఉండటమే ముఖ్యం.

నేను తప్పు చేసింది ఇక్కడే. పదేళ్లుగా అమ్మ ఖర్చంతా నాదే. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి పోయారు, పింఛను లేదు. కానీ నేను డబ్బు పంపింది నా పేరుతో ఉన్న ఖాతాకు. ఏటీఎం కార్డు అమ్మ దగ్గర ఉండేది. అధికారి కళ్లతో చూస్తే నేను నాకే డబ్బు పంపుకున్నాను, తెనాలిలో ఎవరో తీసుకున్నారు. పదేళ్ల ఆసరాకు ఒక్క రుజువు లేదు. 2022 చివర్లో ఈ సంగతి అర్థమయ్యాక అమ్మ పేరున ఉన్న ఖాతాకు ప్రతి నెలా ఒకే తేదీన 200 యూరోలు పంపడం మొదలుపెట్టాను. "నువ్వు పంపే డబ్బుకు రసీదులు దాచడమెందుకు నాన్నా, నేనేమైనా పరాయిదాన్నా?" అని అమ్మ నొచ్చుకుంది. ఆమెకు నచ్చజెప్పడానికి చాలా సమయం పట్టింది. దరఖాస్తు నాటికి ఏడాదిన్నర చరిత్ర పోగైంది.

దానితో పాటు ఒక్క పేజీ లెక్క పెట్టాం. ఇంటి వెనుక భాగం మీద అమ్మకు వచ్చే అద్దె నెలకు 3,500 రూపాయలు. మందులు, డాక్టరు, కరెంటు, గ్యాసు, సరుకులు, పనిమనిషి కలిపి ఖర్చు 18,000 పైన. మిగతాది ఎక్కడి నుంచి వస్తోందో పాసుపుస్తకమే చెబుతుంది. సొంత ఇల్లు ఉందని చాలామంది భయపడతారు. ఇల్లు నీడ ఇస్తుంది, బియ్యం కొనదు. ఆ మాటే లెక్కలో చూపించాలి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీ నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో అయి, నెలకు నలభై యాభై వేల పింఛను అందుకుంటుంటే, ఆయన మీ మీద ఆర్థికంగా ఆధారపడలేదు. మనసు ఎంత ఆధారపడినా చట్టం ఆ లెక్క చూడదు. అలాంటివారికి స్వేచ్ఛా సంచార హక్కు బలమైన దారి కాదు. మీ మొదటి అనుమతి 2024 మార్చి 1 నాటిదో ఆ తర్వాతిదో అయితే జర్మనీ 36వ సెక్షన్ కొత్త తలుపే మేలు, అక్కడ తల్లిదండ్రులకు సొంత ఆదాయం ఉండటం అడ్డు కాదు, పోషణ లెక్కలో సాయం కూడా. ఏమీ లేని అమ్మకు, జబ్బులున్న అమ్మకు మాత్రం స్వేచ్ఛా సంచార హక్కే మేలు. పింఛను దాచి దరఖాస్తు చేయమని ఒకాయన ఇంకొకాయనకు సలహా ఇవ్వడం నేను విన్నాను. దయచేసి అలా చేయకండి. మోసం బయటపడితే ఇచ్చిన హక్కును వెనక్కి తీసుకునే అధికారం ఆ ఆదేశంలోనే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషిని ఆ స్థితిలో నిలబెట్టడం ఘోరం.

రెండు దారులూ అందుబాటులో ఉంటే నేను హక్కు వైపే మొగ్గుతాను. జర్మనీ దారిలో అధికారి అనుమతి 'ఇవ్వవచ్చు'. హక్కు దారిలో షరతులు నెరవేరితే ఇవ్వాలి. ప్రవేశ వీసాకు రుసుము లేదు, త్వరగా తేల్చాలి. నివాస కార్డు దరఖాస్తు చేసిన ఆరు నెలల లోపు రావాలి, సాధారణంగా ఐదేళ్లకు వస్తుంది. ఐదేళ్లు వరుసగా ఉంటే శాశ్వత నివాసం. భాష పరీక్ష షరతు లేదు. మా అమ్మకు ఇది పెద్ద ఊరట.

అలాగని అంతా నున్నగా జరగదు. ఒక దరఖాస్తు కేంద్రంలో అమ్మను సందర్శకుల వీసాకు అడిగే కాగితాలన్నీ, తిరుగు టికెట్టు, ప్రయాణ బీమాతో సహా, తెమ్మని వెనక్కి పంపారు. ఈయూ పౌరుల కుటుంబ సభ్యులను అవి అడగకూడదు. ఆదేశంలోని ఐదవ అధికరణం అచ్చువేసి తీసుకెళ్లాక గానీ తీసుకోలేదు. మీరూ ఆ పేజీ వెంట పంపండి.

బంధుత్వ రుజువు దగ్గర కూడా ముందే జాగ్రత్తపడాలి. మా వయసువాళ్లలో చాలామందికి పుట్టిన నాటి ధ్రువపత్రం లేదు, పదో తరగతి పత్రంలో తండ్రి పేరు మాత్రమే ఉంటుంది. ఆలస్యంగా జనన నమోదు చేయించుకోవడానికి ఆర్డీఓ ఉత్తర్వు కావాలి, నెలలు పడుతుంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం తోడుగా పనికొస్తుంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు, మన పాస్‌పోర్టులో ఇంటిపేరు, పత్రాల్లో పొడి అక్షరాలు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో ఇవాళే చూసుకోండి.

మిగతా దారులు క్లుప్తంగా. సందర్శకుల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండవచ్చు, రుసుము 90 యూరోలు. 2024 నుంచి భారతీయులకు రెండేళ్ల, ఆపై ఐదేళ్ల వీసాలు దొరకడం సులువైంది కాబట్టి ఆరోగ్యంగా ఉండి, ఊరు వదలలేని తల్లిదండ్రులకు ఇదే చాలు. బ్రిటన్ ఇప్పుడు ఈ హక్కు పరిధిలో లేదు, 2012 నుంచి అక్కడి సొంత నిబంధన దాదాపు మూసిన తలుపే. నెదర్లాండ్స్‌లో అమ్మతో కలిసి నిజంగా కాపురం ఉండి, తర్వాత జర్మనీకి తిరిగి వెళ్తే ఆమె హక్కు వెంట వస్తుంది. 1992 నాటి సింగ్ తీర్పు, అందులో భర్త భారతీయుడే, ఈ దారి తెరిచింది. మాకు ఇప్పుడు ఆ ఆలోచన లేదు.

కార్డు వచ్చాక అమ్మ మొదట అడిగింది ఊరికి ఎప్పుడు వెళ్లవచ్చని. ఏడాదిలో ఆరు నెలలు మించకుండా బయట ఉంటే కార్డుకు ఢోకా లేదు. వంటగది తలుపుకు తగిలించిన తెలుగు క్యాలెండరులో ఆమె ఇప్పటికే గుర్తులు పెట్టుకుంది: అక్టోబరు, నవంబరు, డిసెంబరు కలిపి 92 రోజులు, సంక్రాంతి కనుమ దాకా ఉంటే మరో 15 కొంచెం అటూ ఇటూ.