తిరుపతిలో కారు ఆడియో రిపేరు: మీటర్ పెట్టి చూశాకే మాట చెప్పే మనిషి

మా స్విఫ్ట్ డిక్కీలో ఉన్న 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ శబ్దం ఇచ్చే పెద్ద స్పీకర్) పోయిందనుకుని కొత్తదానికి డబ్బులు కూడా పక్కన పెట్టేశాను, చివరికి 600 రూపాయలతో బాగైంది. రేణిగుంట రోడ్డు వైపు ఒక చిన్న రిపేరు షాపులో చేయించాను. ఒక్కడే పని చేసుకుంటాడు, ఇప్పటికే చేతి నిండా పని ఉంది, ఎక్కడా పేరు పెట్టొద్దు సామీ అన్నాడు, అందుకే రాయడం లేదు. కానీ ఆయన చెక్ చేసిన పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తాను, వూఫర్ కాయిల్ (లోపల ఉండే రాగి తీగ చుట్ట) పోయిందని ఎవరైనా చెబితే మీకు పనికొస్తుంది.

పని మీద వారానికి రెండుసార్లు చిత్తూరు నుంచి తిరుపతి వచ్చి పోతుంటాను. ఒకరోజు తిరిగి వెళ్తుంటే చంద్రగిరి దాటగానే బేస్ ఒక్కసారిగా సగానికి పడిపోయింది. పాట ఆగలేదు, ముందు స్పీకర్లు బాగానే ఉన్నాయి, వెనక దమ్ము మాత్రం లేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా టప్ టప్ మని శబ్దం, ఒక్క క్షణం బేస్ వచ్చి మళ్లీ పోయేది. నేను చేసిన తప్పు ఏమిటంటే, బేస్ తగ్గింది కదా అని ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) మీద గెయిన్, అంటే శబ్దం ఎంత పెంచాలో పెట్టే మీట, పెంచాను, బేస్ బూస్ట్ కూడా పెట్టాను. రెండు రోజుల తర్వాత డిక్కీ తీస్తే ఏదో కాలిన వాసన సన్నగా తగిలింది, అప్పుడు మొదలైంది టెన్షన్.

మొదట వెళ్లిన షాపు వేరు. పెద్ద షాపు, ఏసీ, అద్దాల తలుపు. అక్కడి అబ్బాయి డిక్కీ తీసి, పాట పెట్టి, కోన్ (స్పీకర్ ముందు ఊగే గిన్నె లాంటి భాగం) మీద అరచెయ్యి పెట్టి నిమిషంలో చెప్పేశాడు: "వాయిస్ కాయిల్ పోయింది సార్, కొత్తది 8,500 అవుతుంది, పాతది ఇచ్చేస్తే 500 తగ్గిస్తాం." స్క్రూ ఒక్కటీ విప్పలేదు, మీటర్ బయటికే తీయలేదు. నాకు కోపం వచ్చిందంటే కారణం ధర కాదు. చూడకుండానే పోయిందని అంత ధీమాగా చెప్పడం. తెలియని వాళ్లు ఆ మాట నమ్మి డబ్బు కట్టేస్తారు, నేనూ ఇంచుమించు కట్టేసేవాడినే.

మా బావ ఆపాడు. ఆయన చెబితేనే ఈ షాపుకు వెళ్లాను. లోపలికి పోగానే విషయం చెబితే షాపాయన అడిగిన మొదటి మాట, "కాయిల్ పోయిందని మీటర్ చెప్పిందా సామీ, మనిషి చెప్పినాడా?" అని.

వెంటనే కొలవలేదు కూడా. చిత్తూరు నుంచి ఎండలో పాటలు పెట్టుకుంటూ వచ్చాను కాబట్టి కాయిల్ వేడిగా ఉంటుందని, రాగి తీగ వేడెక్కితే ఓమ్స్ (తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే రెసిస్టెన్స్ కొలత) ఎక్కువ చూపిస్తుందని, టీ తాగి రమ్మన్నాడు. ఈలోగా ఆంప్ చూశాడు. తేడా ఉంటే వెలిగే ప్రొటెక్ట్ లైటు వెలగడం లేదు, ఫ్యూజు బాగుంది, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆంప్ దగ్గర 14.1 వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ తీగ గట్టిగానే ఉంది. అంటే తేడా ఆంప్‌కి వచ్చే కరెంటులో లేదు. తర్వాత ఆంప్ అవుట్‌పుట్‌కి తన దగ్గరున్న పాత వూఫర్ తగిలించి చూశాడు, అది శుభ్రంగా మోగింది. ఇక మిగిలింది మా వూఫరే.

బాక్స్ నుంచి వూఫర్ విప్పి, తీగలన్నీ పీకేశాడు. ఆంప్‌కి తగిలించి ఉండగా ఓమ్స్ చూస్తే ఆ అంకెను నమ్మడానికి లేదట. మీటర్ రెండు కడ్డీలు ఒకదానికొకటి తాకించి ముందు దాని సొంత రెసిస్టెన్స్ చూశాడు, 0.3 వచ్చింది, దాన్ని తీసేసి లెక్క పెట్టాడు. మాది డ్యూయల్ కాయిల్, అంటే ఒకే వూఫర్‌లో రెండు కాయిల్స్, రెండూ 4 ఓమ్స్ వి. 4 అని రాసి ఉన్నా మీటర్‌లో 3.2 నుంచి 3.8 లోపు రావడం మామూలే. మొదటి కాయిల్ 3.6, రెండోది 3.7. తీగ కాలి తెగిపోయి ఉంటే అంకె అసలు రాకుండా ఓఎల్ (మీటర్ కొలవలేనంత ఎక్కువ) అని ఉండిపోయేది, చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే ఒకటిన్నరకో రెండుకో పడిపోయేది. రెండూ బాగానే ఉన్నాయి, మరి బేస్ ఎందుకు పోయినట్టు అనుకుంటున్నా.

ఆయన మాత్రం కడ్డీలు తీయకుండా రెండో చేత్తో కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కాడు. రెండో కాయిల్ అంకె మాయమైంది, ఓఎల్. వదిలాడు, మళ్లీ 3.7. నాలుగుసార్లు నొక్కి నాకు చూపించాడు, తర్వాత నా చేతే నొక్కించాడు. కాయిల్ చక్కగా ఉంది, కోన్ నుంచి టెర్మినల్‌కి వచ్చే జడలాంటి తీగ ఒకటి లోపల్లోపలే తెగి, పైన బట్ట లాంటి తొడుగు వల్ల తెగనట్టు కనిపిస్తోంది. కోన్ కదిలినప్పుడల్లా అంటుకుని విడిపోతోంది, ఆ టప్ టప్ అదే.

బేస్ సగం కావడానికి కారణం కూడా అక్కడే ఉంది. రెండు 4 ఓమ్స్ కాయిల్స్‌ను పారలల్‌గా కలిపి ఆంప్‌కి 2 ఓమ్స్ ఇచ్చాను. ఒకటి విడిపోతే ఆంప్‌కి కనిపించేది 4 ఓమ్స్, అడ్డు పెరిగింది కాబట్టి పవర్ తగ్గింది. నేను గెయిన్ పెంచేసరికి ఆ పవరంతా ఒక్క కాయిల్ మీద పడింది, పైగా ఆంప్ తన శక్తికి మించి లాగి క్లిప్ అయ్యి ఆ కాయిల్ ఇంకా వేడెక్కింది. మాగ్నెట్ వెనక రంధ్రం దగ్గర ముక్కు పెట్టి చూడమన్నాడు, వార్నిష్ కాలిన వాసన ఇంకా ఉంది. కోన్‌ను రెండు చేతులతో మధ్య టోపీ చుట్టూ సమంగా పట్టుకుని నిదానంగా నొక్కి, చెవి పెట్టి విన్నాడు. గరగర లేదు. కాయిల్ ఉబ్బి ఉంటే రాసుకుంటుంది, అప్పుడు తీగ మార్చినా లాభం లేదు, రీకాయిలింగ్ (కొత్త కాయిల్ వేయడం) చేయాల్సిందే అన్నాడు. ఒక పక్కకు వాల్చి నొక్కితే బాగున్న వూఫర్ కూడా రాసుకుంటుందట, చాలామంది అక్కడే పొరబడతారట.

తెగిన తీగతో పాటు బాగున్న మిగతావి కూడా మార్చేశాడు, వాటి వయసూ అదే కదా అని. మామూలు వైరు వేస్తే ఊగి ఊగి వారంలో తెగుతుంది, అందుకే అల్లిన తీగే వేశాడు. సోల్డర్ ఎక్కువ పెట్టలేదు, లోపలికి పాకితే తీగ గట్టిపడి మళ్లీ అక్కడే తెగుతుందట. కోన్ పూర్తిగా బయటికి వచ్చినా లాగకుండా, లోపలికి పోయినా కోన్‌కి కొట్టుకోకుండా తీగకు ఎంత వంపు వదలాలో రెండుమూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ ఓపిక చూస్తుంటే నాకు ముచ్చటేసింది.

చివరికి గెయిన్. వూఫర్ తీసేసి, బేస్ బూస్ట్ సున్నా చేసి, కారు స్టీరియోలో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు చూశాడు. మా వూఫర్ 300 వాట్స్ ఆర్ఎంఎస్ (నిలకడగా తట్టుకునే పవర్), 2 ఓమ్స్ మీద 24.5 వోల్టులు వస్తే ఆ 300 అయినట్టు. కాయిల్ ఒకసారి వేడి తిన్నది కాబట్టి 22 దగ్గరే ఆపాడు. అట్ట మీద పెద్దగా వేసే పీక్ వాట్స్ (ఒక్క క్షణం మాత్రమే తట్టుకునేవి) చూసి గెయిన్ పెట్టొద్దని నాకు గట్టిగానే చెప్పాడు.

ఇబ్బందులూ చెప్పాలి. మూడు గంటలు పట్టింది, మధ్యలో అరగంట కరెంటు పోయింది. కూర్చోవడానికి ఒకే ఒక స్టూలు, కారు రోడ్డు పక్కన ఎండలోనే. ఫోన్ ఎత్తడు. బిల్లు ఇవ్వడు. రిపేరు చేయించినా చేయించకపోయినా చెక్ చేసినందుకు 150 తీసుకుంటాడు, నా 600లో అది కలిసే ఉంది. ఆ 150 న్యాయమైన డబ్బని నేనంటాను. గ్యారంటీ అడిగితే, "తీగకు నాది పూచీ, కాయిల్ ఎంత వేడి తిన్నదో పైనుంచి చూస్తే తెలియదు, దానికి మాటివ్వలేను" అన్నాడు. పొద్దున పదింటికల్లా వెళ్తే తొందరగా చూస్తాడు, సాయంత్రమైతే వరసగా కార్లు ఉంటాయి.

నెల దాటింది. కాణిపాకం ఒకసారి, మదనపల్లె రెండుసార్లు వెళ్లొచ్చాం, బేస్ ఎక్కడా తగ్గలేదు, వాసన కూడా పోయింది. రెండు నెలలయ్యాక మళ్లీ కొలిపించుకోమని, అప్పుడు పోల్చుకోవడానికి బాక్స్ పక్కన మార్కర్‌తో 3.6, 3.7 అని రాసి, కింద తేదీ వేసి పంపాడు.